పదకొండో పేజీలో కిమ్చి

ముప్ఫై నాలుగేళ్లు తెనాలిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన నాకు, నా పుస్తకం అని చెప్పుకోవడానికి లోకంలో ఒకే ఒక్క పుస్తకం ఉంది. అదీ నేను రాసింది కాదు, అనువదించింది. ఆ అనువాదం కూడా నాకు ఒక్క ముక్క రాని భాషను నేర్పడానికి. పేరు ‘రండి, కొరియా మాట నేర్చుకుందాం’. కొరియా ప్రభుత్వం డబ్బుతో మన దేశంలో నడిచే ఒక సంస్కృతి కేంద్రం వాళ్లు ఇంగ్లీషు ప్రతి పంపారు, నేను తెలుగు చేసి ఇచ్చాను. వాళ్లు మంచివాళ్లు, అందుకే ఆ కేంద్రం ఏ ఊళ్లో ఉందో చెప్పను. నిగనిగలాడే కాగితం, రంగురంగుల బొమ్మలు, రెండు వేల ప్రతులు. మా ఊరి కవులు సొంత ఖర్చుతో మూడొందలు వేయించుకుని అల్మారాలో పెట్టుకుంటారు. నేను ఎంత పొంగిపోయానో మా పాలవాడికి కూడా తెలుసు.

అందుకని, కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు ఊళ్లలో ఆ పుస్తకం పంచుతున్నాం, మీరు కూడా తొమ్మిది రోజులు వస్తారా అని వాళ్లు ఫోన్ చేస్తే, వాళ్ల మాట పూర్తయ్యేలోపు పెట్టె సర్దేశాను. నాకు గుళ్లూ గోపురాలూ అక్కర్లేదు. నన్ను ఎరగని మనిషి ఒక్కరు నా పుస్తకం తెరిచి చదువుతుంటే చూడాలి. అంతే కోరిక.

కోయంబత్తూరు

లాడ్జి ముందు నన్ను ముగ్గురు ఎదుర్కొన్నారు. అందులో ఇద్దరు అట్టమనుషులు. కొరియా పెళ్లి బట్టల్లో నవ్వుతున్న నిలువెత్తు అబ్బాయి, అమ్మాయి. మూడో మనిషి సుజిన్, కేంద్రంలో ఉద్యోగి, ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. ఆ రెండు అట్టల్ని చెరొక చంకలో పెట్టుకుని నాకు వంగి నమస్కారం చేయబోయి, పెళ్లికొడుకు తలతో లాడ్జి ట్యూబులైటు పగలగొట్టింది. మా యాత్రలో మొదటి ఖర్చు అది, నూట ఎనభై రూపాయలు.

ఫిల్టర్ కాఫీ తాగుతూ సుజిన్ తన పథకం ఇంగ్లీషులో చెప్పింది. తమిళం చదివేవాళ్లకు వాళ్ల కేంద్రంలో తరగతులు ఎప్పటినుంచో ఉన్నాయట. కానీ ఇంట్లో మరో భాష మాట్లాడేవాళ్లకు వాళ్ల తల్లిభాషలోనే కొరియన్ నేర్పితే అది మర్యాదగా ఉంటుందని ఈ పిల్లకు తోచింది. ఇంతకుముందు మధ్య ఆసియాలో పనిచేసిందట. అక్కడ తరాల కిందట వెళ్లి స్థిరపడ్డ కొరియావాళ్లున్నారు. ముసలివాళ్లు పాతకాలపు కొరియన్ మాట్లాడతారు, చదవడం రాదు. వాళ్ల కోసం కూడా కొరియా ప్రభుత్వం అక్కడ బడులు నడుపుతోంది.

“ఇక్కడి తెలుగువాళ్ల కోసం మీ ప్రభుత్వం పెట్టిన కేంద్రం ఏ ఊళ్లో ఉంది టీచర్? ముందు వాళ్లను కలుద్దాం” అంది.

నేను కాఫీలో పంచదార తక్కువైందని సర్వర్‌ని పిలిచాను.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. లోగడ ఒక ఊళ్లో వందలమంది పేర్లిచ్చి, కొరియా బట్టలు వేసుకుని ఫొటోలు దిగి, మళ్లీ కనిపించలేదట. అందుకని పై ఆఫీసువాళ్లు ఒక నియమం పెట్టారు. ఒకే ఊళ్లో పదిహేనుమంది, ఒక్కొక్కరు ఆ పుస్తకంలో ఐదేసి వాక్యాలు చదివి చూపాలి. చదివారని అనువాదకురాలు సంతకం చేయాలి. అప్పుడే ఆ ఊరికి తరగతి, టీచరు. ఈ ప్రయాణంలో ఒక్క ఊరైనా దొరక్కపోతే పథకం మూసేస్తారు, మిగిలిన పుస్తకాలు తూకానికి పోతాయి.

అన్నూరు వైపు

పుస్తకాల పెట్టెలు కోయంబత్తూరు చేరడానికే మూడు రోజులు పట్టాయి. నాలుగో రోజు బయల్దేరితే, అన్నూరు చుట్టుపక్కల ఎటు చూసినా అరటి తోటలు, మధ్యమధ్య మగ్గాల షెడ్లు. మాకు ఆతిథ్యమిచ్చిన వెంకటసామి నాయుడుగారికి రెండూ ఉన్నాయి. ఆయన ఇంటి వసారాలో మాకంటే ముందు వచ్చి కూర్చున్న మనిషి ముత్తులక్ష్మి. ఊళ్లన్నీ తిరిగి పేర్లు పోగుచేసి కేంద్రానికి పంపింది ఈవిడే. మదురై దాటాక వచ్చే తిరుమంగళంలో బట్టలు కుడుతుంది. ఇక్కడ పిన్నమ్మ ఇల్లు ఉందని మమ్మల్ని కలవడానికి వచ్చింది.

ముత్తులక్ష్మికి ముప్ఫై ఐదేళ్లుంటాయి. ఫోనులో కొరియా సీరియళ్లు చూసిచూసి ప్రేమించడానికీ, తిట్టడానికీ, అన్నం తిన్నావా అని అడగడానికీ సరిపడా కొరియన్ నేర్చుకుంది. చుక్కలద్దిన మదురై సుంగుడి చీరల గుడ్డతో కొరియా బట్టలు కుట్టి పళ్లికూడం, అంటే బడి పిల్లల నాటకాలకు అద్దెకిస్తుంది. అవి సంచిలోంచి తీసి చూపించింది. పావడా చక్కగా ఉంది, చేతులు చక్కగా ఉన్నాయి, మెడ దగ్గర ఏటవాలుగా రావలసిన తెల్ల పట్టీ మాత్రం ఉబ్బెత్తుగా లేచి నిలబడింది. మూడేళ్లుగా ఆ పట్టీ ఆమెకు లొంగడం లేదు. కొరియా కుట్టుపనివాళ్ల వీడియోల్లో ఏం చెబుతున్నారో అర్థం కాదు, సీరియళ్లలో ఎవరూ మెడపట్టీల గురించి మాట్లాడరు కదా. కేంద్రం తరగతి పూర్తిచేసినవాళ్లు కొరియాలో ఆరు వారాల కుట్టు శిక్షణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముత్తులక్ష్మికి కావలసింది అది, కానీ దుకాణం వదిలి కేంద్రం దాకా వెళ్లి చదువుకోలేదు, తరగతే వాళ్ల ఊరికి రావాలి.

భోజనం ముందు పెట్టారు. అరిసి పరుప్పు సాదం అంటారు, బియ్యమూ కందిపప్పూ కలిపి వండి నెయ్యి పోస్తారు. మన పులగానికి అక్కగారు అనుకోండి. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. తర్వాత వసారాలో పరీక్ష మొదలైంది. సుజిన్ ఫోనులో వీడియో పెట్టింది. మొదట నాయుడుగారి తమ్ముడు లేచి, నా పుస్తకం రెండు చేతులా పట్టుకుని, మూడో పేజీ తెరిచి గొంతు సవరించుకున్నాడు.

“మా తోటలో మోటరు కాలిపోయి పదిదినాలు అయింది. వైండింగు చేసేవాడు రేపు వస్తాను, రేపు వస్తాను అంటుండాడు. వాడిని నమ్మి అరటి అంతా వాడిపోయె” అని గంభీరంగా చదివాడు.

మూడో పేజీలో నది ఒడ్డున ఒక కుటుంబం వనభోజనానికి వెళ్తుంది. నేను రెండు వారాలు కూర్చుని చేసిన పేజీ అది.

తర్వాత ఒక ఇల్లాలు లేచి బొమ్మ మీద చూపు నిలిపి, ఈ పిల్ల బాగుండాది, పావడా మాత్రం రొంబ పెద్దది, ఇంత గుడ్డ ఎందుకు దండుగ చేసేది అని పొల్లు పోకుండా చదివింది. మూడో ఆయన రేషను బియ్యం గురించి చదివాడు. నాలుగో ఆయన నాయుడుగారి మీద ఏదో పాత ఫిర్యాదు చదువుతుంటే పక్కవాళ్లు పంచె పట్టుకుని కూర్చోబెట్టారు. ఎవరూ తడబడలేదు. తెలుగు ధారాళంగా ప్రవహించింది. సుజిన్‌కు కళ్లలో నీళ్లొకటే తక్కువ. “ఎంత బాగా చదువుతున్నారు టీచర్” అని నా చెయ్యి నొక్కింది.

నాయుడుగారిని పక్కకు పిలిచి సంగతేమిటని అడిగాను. ఆయన సిగ్గుపడలేదు, దాచలేదు. వాళ్లంతా చదివింది తమిళ పళ్లికూడాల్లో, పిల్లలు ఇంగ్లీషులో. తెలుగు అక్షరం చూసింది తిరుపతి కొండ మీద బోర్డుల్లోనే.

“మీరంత దూరమునించి వచ్చిండారు. మా ఇంట్లో అన్నం తినిండారు. మీ పుత్తకం మాకు రాదని మీ మొగము చూసి ఎట్ల చెప్పేది, అమ్మణీ?” అన్నాడు.

ఇంటికొచ్చిన మనిషి ముందు లేదు అనే మాట నోట రాకూడదు. ఆ వసారాలో పదిహేనుమంది ఆ మర్యాద కోసమే అంత అవస్థ పడ్డారు. ముత్తులక్ష్మి స్తంభం వెనక నిలబడి నన్నే చూస్తోంది. నా దగ్గరకు వచ్చి మెల్లగా, “ఫారములో తెలుగు తెలుసునా అని ఒకటే అడిగినారు, టీచరమ్మా. తెలుసు అని రాసితిని. పుట్టినప్పటినించి మాట్లాడేది అదే కదా” అంది.

నేను సంతకం పెడితే ఎవరికీ తెలియదు. సుజిన్‌కు తెలుగు రాదు, పై ఆఫీసుకు అంతకన్నా రాదు. కానీ ముప్ఫై నాలుగేళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి. ఒక్క మార్కు ఊరికే వేసి ఎరగదు. పైగా, ఎందుకు దాచాలి, నాకు కోపం వచ్చింది. నా పుస్తకం చేతిలో పట్టుకుని మోటారు గురించి చదువుతారా? సుజిన్‌తో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆ పిల్ల వీడియోలన్నీ ఒక్కొక్కటే తుడిపేసి, ఆకులో మిగిలిన అప్పడం తీసుకుని తింటూ కూర్చుంది. నాయుడుగారు ఆమెను ఓదార్చడానికి ఒక సలహా ఇచ్చారు. ఈ పుస్తకాన్నే తమిళంలో వేసుకుని వస్తే తన షెడ్డే ఖాళీ చేసి ఇస్తానన్నారు.

తిరిగి వెళ్లేటప్పుడు ముత్తులక్ష్మి మా వెంటే నడిచింది. వాళ్ల ఊళ్లో కూడా ఎవరికీ చదవడం రాదట. ఇంకా ఐదు రోజులు ఉన్నాయి కదా, నేర్పండి, నిజంగానే చదువుతాము అంది. ఇంత సులువుగా అడిగితే కాదనడం నాకూ రాలేదు. ఆ ఇంట్లో తిన్న నెయ్యి ప్రభావం కావచ్చు.

మదురై బస్సులో

అట్టమనుషులకు టికెట్ కొట్టాలన్నాడు కండక్టరు. మనిషి ఎత్తు ఉన్నది మనిషి కిందే లెక్క అని ఆయన వాదన. సామాను అని మేము. చివరికి సామాను టికెట్లు కొట్టి, సామాను కాబట్టి సీట్లో కూర్చోకూడదని షరతు పెట్టాడు. అందుచేత పెళ్లికొడుకు, పెళ్లికూతురు దారి పొడవునా నిలబడే వచ్చారు. పళనిలో గుండుకు గంధం పూసుకున్న ఒక పెద్దాయన ఎక్కి, చుట్టూ ఉన్నవాళ్లకు పంచామృతం పంచుతూ, పెళ్లికొడుకు భుజం తట్టి చెయ్యి చాపమన్నాడు. ఎంతసేపటికీ చాపకపోతే ఈ కాలం కుర్రాళ్లకు భక్తి లేదని గొణుక్కుని తనే తినేశాడు.

ముత్తులక్ష్మి ఊరికే కూర్చోలేదు. చేతిసంచిలోంచి దర్జీ సుద్ద తీసి, పెళ్లికొడుకును వెనక్కి తిప్పింది. వెనకాల మట్టిరంగు అట్ట, పలకకన్నా బాగుంది. నేను పెద్దగా ‘అ’ రాశాను. ఆమె చాలాసేపు చూసింది. “మా అత్త పెట్టే ముగ్గు మాదిరి ఉండాది” అని, ఆ తర్వాత “ఇంత గుండ్రముగా రాసేదానికి మీకు ఎంత పొద్దు పట్టును?” అని అడిగింది. నాకు మొదట కోపం, తర్వాత నవ్వు వచ్చాయి.

తమిళం వచ్చిన చెయ్యి కాబట్టి, అక్షరాన్ని ఎళుత్తు అంటూనే, వరసలు తొందరగా పట్టుకుంది. మనకు నాలుగు ‘క’లు ఎందుకని గొడవపడింది. తమిళంలో ఒక్కదానితో ఇల్లు గడిచిపోతుందట. ఒట్టన్‌సత్రం వచ్చేసరికి వెనక సీట్లవాళ్లు కూడా మెడలు చాచారు. దిండిగల్లు దాటాక కండక్టరు వచ్చి, ఇంతసేపూ మాతో తమిళంలో దెబ్బలాడినవాడు, “మా ఇంట్లోనూ ఇదే మాట, అమ్మా. నా పేరు ఎట్ల రాసేది?” అని సుద్ద తీసుకున్నాడు. పెళ్లికూతురు వీపు మీద రామసామి అని రాసి ఇచ్చాను. దిగేదాకా పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి దాన్ని చూసుకున్నాడు. టికెట్ డబ్బులు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

మదురై

మదురై వెళ్లినవాళ్లు మీనాక్షమ్మను చూడకుండా వస్తే మా తెనాలిలో మొహం చూడరు. నేను ఆ గుడి పక్క వీధుల్లో అక్షరమాల పుస్తకం వెతుక్కుంటూ తిరిగాను. పుస్తకాల బళ్ల మీద హిందీ నేర్పేవి, అరబ్బీ నేర్పేవి, మలయాళం నేర్పేవి ఉన్నాయి. తమిళం ద్వారా కొరియన్ నేర్పేది కూడా ఉంది, అరవై రూపాయలు. సుజిన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, తప్పులు లేవు అని నీరసంగా చెప్పి అక్కడే పెట్టేసింది. ముత్తులక్ష్మి ఇంట్లో అది ఎప్పుడో ఉందట. తెలుగు అక్షరాల పుస్తకం మాత్రం ఏ బండి మీదా లేదు. ఈ ఊరిని నాయకరాజులు ఏలారని నేను ముప్ఫై నాలుగేళ్లు క్లాసులో గొంతు చించుకున్నాను. ఒక్క పెద్దబాలశిక్ష దొరకలేదు.

అంటే ఇక మదురై జిల్లాలో తెలుగు నేర్పడానికి మా దగ్గర ఉన్న వాచకం ఒక్కటే. అది కొరియన్ నేర్పే పుస్తకం. ఈ సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టింది. పరుత్తిపాల బండి దగ్గర నిలబడి చాలాసేపు నవ్వాము. పరుత్తిపాలంటే పత్తిగింజల పాలు, బెల్లమూ శొంఠీ వేసి కాస్తారు, గ్లాసు ఇరవై రూపాయలు. మా వైపు పత్తిగింజలు గేదెలకు పెడతారు. ఆ మాట సుజిన్‌కు చెప్పకుండా ఉండాల్సింది.

తిరుమంగళం పక్కన

ముత్తులక్ష్మి ఊళ్లో తెలుగు మాట్లాడే వీధులు రెండు. పై వీధిలో భూములున్నవాళ్లు, కింద వీధిలో కూలికీ, మునిసిపాలిటీ పనికీ, ఆసుపత్రి పనికీ వెళ్లేవాళ్లు. కింద వీధి చివర చర్చి ఉంది. రెండు వీధులవాళ్లదీ ఒకే తెలుగు, అదే యాస. అయినా ఒక గదిలో కూర్చున్న సందర్భం లేదు. పై వీధి కల్యాణమండపంలో పెడితే కింది వీధివాళ్లు రారు, చర్చి హాల్లో పెడితే పై వీధివాళ్లు రారు. అందుకని తిరుమంగళం మెయిన్ రోడ్డులో ఉన్న తన దుకాణం షట్టరు ఎత్తి, కుట్టుమిషన్లు గోడకు జరిపి, చాపలు పరిచింది ముత్తులక్ష్మి. అట్టమనుషుల్ని గుమ్మంలో నిలబెట్టాం. మొహాలు రోడ్డుకు, వీపులు మాకు. బయట పోయేవాళ్లకు ఏదో పెళ్లివారి స్వాగతం. లోపల మాకు నల్లబల్లలు.

తెలుగు నేర్చుకోవడానికి అయితే ఎవరూ వచ్చేవారు కారు. మాట్లాడేదాన్ని ఎవరైనా నేర్చుకుంటారా? కొరియన్ కోసం అనేసరికి ముత్తులక్ష్మితో కలిపి పదిహేనుమంది అయ్యారు, రెండు వీధులనుంచీ. మొదటి రోజు చాప మధ్యలో బెత్తెడు జాగా వదిలి అటూ ఇటూ కూర్చున్నారు. రెండో రోజు ఒత్తులు మొదలయ్యాయి. మేం మోసుకొచ్చిన పుస్తకాలు ఇద్దరికొకటే కావడంతో ఆ జాగా ఎప్పుడు పూడిపోయిందో నేను గమనించలేదు. కింద వీధి ఎస్తరు అందరికన్నా ముందు చదవడం పట్టుకుంది. ఆమె మదురైలో ఆసుపత్రి ఆయా, పొద్దున డ్యూటీ దిగి నీలం చీరతోనే వచ్చేది. డాక్టర్ల రాత చదివినదానికి ఇదొక లెక్కా అంది. పై వీధి ఆడవాళ్లు ఒత్తు రాకపోతే ఆమెనే అడిగేవారు.

రానని చెప్పింది ఒక్కరే, ముత్తులక్ష్మి అత్తగారు రంగమ్మ. డెబ్బై ఎనిమిదేళ్లు. తమిళ పేపరు రోజూ వీధికంతా వినబడేలా చదువుతుంది. “నా మాట నాకు ఇంకొకరు నేర్పేదేమి?” అని తేల్చేసింది. అయినా నాలుగు రోజులూ దుకాణం మూలన కూర్చుని కరివేపాకు దూస్తూనే ఉంది. అంత కరివేపాకు ఏ ఇంటికి పడుతుందో నాకు అర్థం కాలేదు.

సాయంత్రాలు సుజిన్ కొరియా వంట చూపించేది. ఒట్టన్‌సత్రం క్యాబేజీకి ఉప్పు రాసి, వాళ్ల దేశపు ఎర్రటి కారప్పొడి పట్టించి కిమ్చి చేసింది. అంటే వాళ్ల ఊరగాయ, నూనె ఉండదు. నూనె లేని ఊరగాయను రంగమ్మ రోగిని చూసినట్టు చూసింది. గిన్నె లోపలికి తీసుకుపోయి, నువ్వులనూనెలో ఆవాలు, ఎండుమిర్చి, పిడికెడు కరివేపాకు వేసి తాళింపు పెట్టి తెచ్చింది. సుజిన్ ముందు వేలితో రుచి చూసింది. తర్వాత అన్నంలో కలుపుకుని మూడుసార్లు తింది. ఈ సంగతి పై ఆఫీసుకు తెలియకూడదని నాచేత ఒట్టు వేయించుకుంది.

పదకొండో పేజీ

చివరి రోజు పరీక్ష. అన్నూరు దెబ్బతో సుజిన్‌కు ధారాళమైన తెలుగంటే భయం పట్టుకుంది. ఎవరు గబగబా మాట్లాడినా అనుమానంగా నా వైపు చూసేది. అందుకని నేను కూడా ఖచ్చితంగా ఉన్నాను. బట్టీ పట్టిన పేజీ కాదు, నేను వేలు పెట్టిన చోట చదవాలి. ముత్తులక్ష్మి అందరికన్నా ముందు చదివింది. చెమటలు పట్టాయి కానీ ఒక్క తప్పూ రాలేదు. ఎస్తరు చదివింది. ఒకాయన ‘ఋ’ దగ్గర ఆగి చెప్పులు వేసుకోబోతే వెనక్కి లాక్కొచ్చాం. పద్నాలుగుమంది అయ్యారు. పదిహేనో ఆయనకు ఆ రోజు మదురై కోర్టులో వాయిదా. మధ్యాహ్నానికి వచ్చేస్తానన్నవాడు, కేసు ఇంకా పిలవలేదని ఫోన్ చేశాడు. మా బండి నాలుగింటికి.

మూడున్నర అయింది. ముత్తులక్ష్మి ఏడవలేదు, మిషను దగ్గర కూర్చుని ఆ మెడపట్టీని విప్పడం మొదలుపెట్టింది. ఆ సమయంలో నేను సంతకం పెట్టేస్తే తప్పేంటని నాకు మొట్టమొదటిసారి అనిపించింది. పద్నాలుగు నిజాలకు ఒక్క అబద్ధం. కలం తీశాను కూడా.

“నేను చదువుదునా?” అంది మూలనుంచి రంగమ్మ.

కరివేపాకు చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. పుస్తకం ఎక్కడ తెరిచానో నేను చూసుకోలేదు, పదకొండో పేజీ వచ్చింది. సుజిన్ వీడియో పెట్టింది. ఆవిడ వేలు నా వేలు పక్కకు వచ్చింది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ, లోపల కూడుకుంటూ, బయటికి చదివింది. ఇది కిమ్చి. దీన్ని క్యాబేజీతో చేస్తారు. ఇందులో నూనె ఉండదు. ఇది చాలా కారంగా ఉంటుంది.

అక్కడ ఆగిపోయింది. నాలుగు వాక్యాలయ్యాయి, ఇంకొక్కటి ఉంది. రంగమ్మ నాలుగో వాక్యం మీదికి వేలు మళ్లీ తీసుకుపోయి, లోపల ఇంకోసారి చదువుకుని, తలెత్తింది.

“ఇది అబద్ధము. నాలుగు దినాలుగా తింటుండాను. కారము ఎక్కడ ఉండాది?” అంది.

సుజిన్ భయపడిపోయి, ఈమె చదువుతోందా, మాట్లాడుతోందా అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. చదువుతోంది, ఇంతవరకూ నా పుస్తకాన్ని చదివింది ఈవిడొక్కతే అన్నాను.

“ఎవరు రాసినారు ఇది?”

“నేనే, అవ్వా.”

“తిని చూచి రాయకూడదా?”

ఆ పేజీ అనువదించినప్పుడు కిమ్చి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఐదో వాక్యం చదువవ్వా, బండికి వేళయింది అన్నాను. ఆవిడ పుస్తకం మూసింది. తప్పు దిద్దకుండా ముందుకు పోయేది లేదంది. ముత్తులక్ష్మి బతిమాలింది, ఎస్తరు బతిమాలింది. కోడలి చదువంతా ఆ ఒక్క వాక్యం మీద వేలాడుతోందని ఆవిడకు తెలుసు. అయినా అచ్చులో ఉన్న అబద్ధాన్ని దాటుకుని పోవడానికి ఆవిడకు నోరు రాలేదు. నాకు కోపం రాలేదు. మనసు నిండిపోయింది. ఇలాంటి విద్యార్థి ఒక్కరూ నాకు తెనాలిలో దొరకలేదు.

కలం చేతిలోనే ఉంది. కొరియా ప్రభుత్వం వారి పుస్తకంలో, వీడియో తిరుగుతుండగా, ‘చాలా కారంగా’ కొట్టేసి పైన ‘పుల్లగా’ అని రాశాను. రంగమ్మ పుస్తకం దగ్గరకు తీసుకుని, నా రాతను కూడబలుక్కుని పరీక్ష చేసి, సరి అంది. తర్వాత ఐదో వాక్యం చదివింది. కొరియాలో ఇది అందరికీ ఇష్టం. దాని మీద ఆవిడ అభిప్రాయం ఏమిటో మొహంలోనే తెలిసింది కానీ, వాళ్ల ఇష్టం వాళ్లది అనుకుని వదిలేసినట్టుంది.

నేను సంతకం పెట్టాను. ముత్తులక్ష్మి మిషను మీద తల ఆనించి ఇప్పుడు ఏడ్చింది. సుజిన్ ఎవరిని కౌగిలించుకోవాలో తెలియక పెళ్లికూతురిని కౌగిలించుకుంది. ఆమె చొక్కాకంతా సుద్ద అంటుకుంది.

ఆదివారం తరగతి ఇప్పుడు ఆ దుకాణంలో జరుగుతోంది. షట్టరు మీద కొరియా జెండా బోర్డు పెట్టారు. కొరియన్ టీచరు రావడానికి ముందు పుస్తకం చదవడం బాగా రావాలి కాబట్టి, మొదటి రెండు నెలలూ ఎస్తరు తెలుగు అక్షరాలు నేర్పిందట. జీతం కొరియా ప్రభుత్వమే ఇచ్చింది. తొలి పాఠాల్లోనే ఆ కొరియన్ టీచరమ్మను పట్టుకుని కత్తెరకూ మెడపట్టీకీ కొరియా మాటలు అడిగేశానని ముత్తులక్ష్మి ఫోన్ చేసి చెప్పింది. పట్టీ ఇంకా లొంగలేదు. కానీ ఎందుకు లొంగడం లేదో ఇప్పుడు తెలుసట.

నేను బయల్దేరిన రోజు సంగతి ఒకటి మిగిలింది. సామాను బండిలో పెడుతుంటే రంగమ్మ కరివేపాకు మూట ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. రెండో చేతిలో నా పుస్తకం ఉంది. నాలుగు రోజుల్లో మూలన కూర్చుని మొత్తం చదివేసిందో, బొమ్మలే చూసిందో నాకు తెలియదు. దాన్ని పైకెత్తి చూపించింది.

“ఈ ఎళుత్తులో కిమ్చి లేని పుత్తకము ఏమన్నా ఉండాదా?” అని అడిగింది.

ఉన్నాయి అవ్వా, చాలా ఉన్నాయి అన్నాను. అయితే ఇన్నాళ్లూ ఎందుకు తేలేదని ఆవిడ అడగలేదు. ఇంటికొచ్చిన మనిషిని అలా అడగరు వాళ్లు.